గదిలో కుంపటి మాత్రం పెట్టకు

పెదవాల్తేరు, విశాఖపట్నం
దీపావళి మర్నాడు

చిట్టితల్లికి,

మామ్మ దీవెనలు. నిన్న రాత్రి టపాకాయల మోత మధ్య మీ నాన్న ఫోన్ చేసి అరిచి మరీ చెప్పాడు. చింతపల్లిలో నీకు ఇల్లు దొరికిందట, వచ్చే ఆదివారమే సామాను పట్టుకుని వెళ్తావట, మేడమీది నా రంగురంగుల ఆకుల కోలియస్ మొక్కల్లోంచి కొమ్మలు కావాలన్నావట. "ఆ చలికి అవి బతుకుతాయా అమ్మా?" అని వాడి అనుమానం. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మనవరాలు ఏజెన్సీలో సైన్సు టీచరుగా చేరుతోందని పొద్దున్నే పాలవాడికి కూడా చెప్పాను, ఆ గొప్ప వేరే. నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. అది రాయడానికే కూర్చున్నాను. ఫోన్లో చెప్తే "సరే మామ్మా, సరే మామ్మా" అంటూ ఇంకోపక్క ఏదో చూసుకుంటావు. కాగితం అయితే కనీసం చివరిదాకా చదువుతావు.

ముందు మొక్క సంగతి. మన విశాఖలో కోలియస్‌కి చలికాలం అంటూ ఒకటి లేదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 17, 18 డిగ్రీలు ఉంటుంది, దానికి అదొక లెక్కా? ఇక్కడ దాని ప్రాణం తీసేది ఉప్పుగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎగిరిపోయిన కుండీలు పోగా, మిగిలిన వాటి ఆకులు నిప్పు సోకినట్టు మాడిపోయాయి. నువ్వు అప్పుడు చిన్నదానివి, కొవ్వొత్తి వెలుగులో ఉప్మా తిననని ఏడ్చావు, గుర్తుందో లేదో.

నువ్వు వెళ్ళేది మాత్రం లంబసింగి దాటాక. ఆ లంబసింగి 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడ సున్నా డిగ్రీల దాకా దిగిన రాత్రులు ఉన్నాయి. చింతపల్లి అంత కాకపోయినా తీసిపోదు. 13 డిగ్రీల కింద కోలియస్ ఎదగడం మానేస్తుంది, 10 కిందికి వస్తే ఆకులు రాలుస్తుంది, మంచు గడ్డకట్టిందా, ఉడకేసిన తోటకూరలా ఒక్క రాత్రిలో నల్లగా వాలిపోతుంది. అందుకని సంక్రాంతి వెళ్ళి చలి తగ్గేదాకా దాన్ని ఇంట్లోనే దాచుకోవాలి. పెద్ద కుండీలు మోసుకెళ్ళకు. కొమ్మలు చాలు.

కొమ్మ కోయడం నీకు తెలిసిందే. పూతకంకి లేనిది చూసి, నీ చూపుడువేలికన్నా కాస్త పొడవుగా, కణుపు కిందికి కోయాలి. కింది ఆకులు గిల్లేయాలి. అంతే. కాడని రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడు, గుండ్రంగా దొర్లదు, నాలుగు పలకలుగా అంచులు తగులుతాయి. తులసి కాడా, పుదీనా కాడా అలాగే ఉంటాయి, అన్నీ ఒకే కుటుంబం. మనం బజ్జీలు వేసుకునే వామాకు కూడా దీనికి దగ్గర చుట్టమే. ఈ మొక్కకి పుస్తకాల్లో ఒకసారి సొలెనోస్టెమాన్ అని, ఒకసారి ప్లెక్ట్రాంథస్ అని పేర్లు మార్చి, మళ్ళీ తిరిగి తిరిగి కోలియస్ దగ్గరికే వచ్చారని నువ్వే కదా చెప్పావు. నేను అప్పుడూ కోలియస్ అనే అన్నాను.

కోసిన కొమ్మలు తడి న్యూస్‌పేపర్లో చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి, కాస్త గాలి ఊది మూతి కట్టు. ద్వారకా బస్‌స్టేషన్‌లో ఎక్కిన దగ్గర్నుంచీ ఒళ్ళోనే పెట్టుకో. నర్సీపట్నం దాటాక ఘాట్‌రోడ్డులో నీకు కడుపులో తిప్పుతుందని తెలుసు. ఆ కవరూ ఈ కవరూ కలిపేయకు.

ఇంటికి చేరగానే నీళ్ళ సీసాలో పెట్టు. హార్లిక్స్ సీసా బాగుంటుంది, కడిగి రెండు ఉంచాను. నీళ్ళు రెండు మూడు రోజులకోసారి మార్చు. ఇక్కడ వారం పది రోజుల్లో వేళ్ళు వస్తాయి. అక్కడి చలికి మూడు నాలుగు వారాలు పట్టినా కంగారుపడకు. రోజూ పైకి తీసి చూడకు, నీకు ఆ బుద్ధి ఉంది. చిన్నప్పుడు మెంతులు నాటి, మొలిచాయా లేదా అని పొద్దుటా సాయంత్రం తవ్వి చూసేదానివి. వేళ్ళు అంగుళం, అంగుళంన్నర సాగాక చిన్న కుండీలోకి మార్చేయ్. పెరుగు డబ్బాకి కింద చిల్లులు పెట్టినా చాలు. నీళ్ళలోనే నెలల తరబడి ఉంచేస్తే ఆ వేళ్ళకి తర్వాత మట్టి పడదు.

పగలు తూర్పు కిటికీ దగ్గర పెట్టు. రాత్రి అద్దానికి దూరంగా గది మధ్యకి జరుపు. అద్దం పక్కన చలి ఎక్కువ. వెలుతురు చాలకపోతే కాడ సాగి, రంగంతా పోయి ఉత్త ఆకుపచ్చగా అవుతుంది. అప్పుడు ట్యూబ్‌లైటుకి దగ్గరగా జరిపి, రోజుకి 12 గంటలు వెలిగేలా చూడు. చలి తగ్గేదాకా ఎరువు వద్దు.

ఇప్పుడు అసలు సంగతి.

మీ తాతయ్యకి అరకు రైల్వే స్టేషన్‌కి బదిలీ అయిన ఏడు, 1983. మీ నాన్నకి అప్పుడు నాలుగేళ్ళు. దారిలో బోలెడు సొరంగాలుంటాయని తాతయ్య చెబితే, తన వేళ్ళు చాలక నా వేళ్ళు కూడా పట్టుకుని లెక్కపెడుతూ నిద్రపోయాడు. నా కాళ్ళ దగ్గర గంపలో నాలుగు కోలియస్ కుండీలు. భీమిలిలో మా అమ్మ పెంచినవి. మెరూన్ రంగు ఆకు, అంచు చుట్టూ సన్నగా లేతాకుపచ్చ. ఆ వానాకాలంలోనే అమ్మ పోయింది. ఆ కుండీల్లో మట్టి కూడా మా పెరటిదే, మార్చడానికి నాకు మనసొప్పలేదు.

డిసెంబరు నెలాఖరు. తాతయ్యకి నైట్ డ్యూటీ. సాయంత్రం నుంచే వరండాలో నిలబడలేనంత చలి. కుండీలు లోపలికి తెచ్చాను. అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగు అయ్యేది కాదు. కుంపట్లో బొగ్గులు రాజేసి, పొగంతా పోయి ఎర్రగా కణకణలాడేదాకా బయటే ఉంచాను. తర్వాత లోపలికి తెచ్చి నాలుగు కుండీల మధ్య పెట్టాను. పొగే లేదు కదా, ఇంకేం భయం అనుకున్నాను. కిటికీలు బిగించాను. తలుపు కింది సందులో పాత పంచె కుక్కాను. నేను ఎంత తెలివైనదాన్నో అని ఆ పంచె కుక్కుతూ అనుకున్నాను కూడా. మీ నాన్న "అమ్మా, మొక్కలకి చలిమంటా?" అని నవ్వి, నా పక్కలో పడుకుని నిద్రపోయాడు.

తలుపు చప్పుడుకి మెలకువ వచ్చింది. ఖనిజం గూడ్సు ఏదో ఆలస్యమైతే, ఈలోగా టీ తాగి పోదామని తాతయ్య వచ్చారు. చప్పుడు వినపడుతోంది. లేవాలని తెలుస్తోంది. కాళ్ళు మాత్రం నావి కానట్టున్నాయి. తల మీద రోలు పెట్టినట్టుంది. మంచం దిగబోయి పడ్డాను, పాక్కుంటూ వెళ్ళి ఎలాగో గడియ తీశాను. మీ నాన్నని లేపితే లేవలేదు. ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. తాతయ్య వాణ్ణి భుజాన వేసుకుని వరండాలోకి పరిగెత్తారు. పక్క క్వార్టర్లోంచి పాయింట్స్‌మన్ భార్య లేచి వచ్చింది. ఆ మంచులో వాణ్ణి పట్టుకుని ఎంతసేపు తిరిగారో నాకు తెలియదు. చివరికి వాడు భళ్ళున వాంతి చేసుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక నేను మెట్ల మీద కూలబడ్డాను.

మర్నాడు డాక్టరు గారు చెప్పారు. గాలి ఆడనిచోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుందట. రంగుండదు, వాసనుండదు. ఊపిరితో పాటు లోపలికి వెళ్ళి నెత్తురులో ఆక్సిజన్ చోటు అది కూర్చుంటుంది. మనిషికి నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. అంతే. పొగ కనపడితే మనిషి జాగ్రత్తపడతాడు, నేను ఆ పొగ పోయేదాకా ఆగి మరీ లోపల పెట్టాను.

పాయింట్స్‌మన్ భార్య కుంపటి చూసి, "ఏటమ్మా, మొక్కకి పొయ్యెట్టినావా?" అంది. ఇంకేమీ అనలేదు. ఆవిడ అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

మీ నాన్నకి ఇది గుర్తులేదు. ఇన్నేళ్ళూ నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు, కనీసం నేను ఉన్నంతకాలం.

అంత జరిగినా నాకు పూర్తిగా బుద్ధి రాలేదు. కుంపటి వైపున్న ఆకులు అప్పడాల్లా ఎండిపోయాయి, మిగతావి వాలిపోయాయి. దాహం అనుకున్నాను. చేసిన తప్పు సరిదిద్దుకోవాలని పొద్దుటా సాయంత్రం చెంబులతో కుళాయి నీళ్ళు పోశాను, మంచులాంటి నీళ్ళు. ఎంత పోస్తే అంత వాలాయి, ఎంత వాలితే అంత పోశాను. పది రోజులకి కాడల మొదళ్ళు నల్లబడ్డాయి, పట్టుకుంటే ఉడికిన చిక్కుడుకాయలా మెత్తగా జారిపోయాయి. చలికి మట్టిలో నీళ్ళు ఆరవు, వేళ్ళు తాగవు, తాగక కుళ్ళుతాయి, కుళ్ళిన వేళ్ళు ఇంక తాగలేవు. పైన ఆకు చూస్తే మాత్రం అచ్చం దాహంతో ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి ఆకు వాలితే చెంబు ఎత్తకు, ముందు మట్టిలో వేలు పెట్టి చూడు. అంగుళం లోతుదాకా పొడిగా ఉంటేనే నీళ్ళు, అవి కూడా కాస్త గోరువెచ్చగా.

అమ్మ మొక్కలు నాలుగూ పోయాయి. పారేయడానికి కూడా చెయ్యి రాక ఖాళీ కుండీలు చాలా రోజులు అలాగే ఉంచాను.

సంక్రాంతికి పాయింట్స్‌మన్ భార్య అరిసెలు పట్టుకుని వచ్చింది. పళ్ళెంలో అరిసెల పక్కన రెండు కోలియస్ కొమ్మలు, కిందికి తెల్లగా జడల్లాగా వేళ్ళు. దసరాల్లో ఆవిడ ఒక రెమ్మ అడిగితే ఇచ్చానట, ఆ సంగతే మర్చిపోయాను. వంటింటి కిటికీలో ఇత్తడి చెంబులో పెట్టిందట. ఏం చేశావంటే, "ఏటి సేస్తాను, గుర్తొచ్చినప్పుడు నీళ్ళు మార్చినాను" అంది. ఇప్పుడు మన మేడమీద ఉన్న మెరూన్‌దంతా ఆ రెండు కొమ్మల సంతానమే.

అందుకని నీ కొమ్మలన్నీ నీ ఒక్క గదిలో ఉంచకు. రెండు ఇంటివాళ్ళకి ఇవ్వు, రెండు స్కూల్లో పెట్టు. ఎవరో ఒకరి దగ్గర బతుకుతాయి.

ఇంటివాళ్ళు మంచివాళ్ళయితే చలికి నీకూ కుంపటి తెచ్చి ఇస్తారు. కాదనకు, బాధపడతారు. వరండాలో పెట్టుకుని కాచుకో, వాళ్ళతో కబుర్లు చెప్పు. పడుకునే గదిలోకి మాత్రం తేకు. ఆరిపోయినట్టు కనపడేదీ తేకు, బూడిద కింద నిప్పుంటుంది. మరీ చలేస్తే ఇంకో రగ్గు కప్పుకో. కరెంటు హీటరు కొనుక్కుంటే డబ్బులు నేనిస్తాను, కానీ మొక్క పక్కన పెట్టకు, ఆకు ఎండి రాలుతుంది. మొక్కలన్నీ పోయినా పర్వాలేదు, ఇక్కడ మేడ నిండా ఉన్నాయి.

ఇంకా ఏవో ఉన్నాయి. కణుపుల్లో దూదిలాంటి తెల్లటి పురుగు పడితే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచేయ్. కొసలు గిల్లుతూ ఉంటే గుబురుగా వస్తుంది. గిల్లినవి పారేయకుండా నీళ్ళలో పెట్టి పిల్లలకి చూపించు, వాళ్ళు రోజూ తీసి చూస్తారు, చూడనీ.

శనివారం పెందరాళే రా. కొమ్మలు నువ్వే కోద్దువుగాని, నేను పక్కన నిలబడతాను. తాతయ్య మఫ్లరు ఎండలో వేసి ఉంచాను, కలరా ఉండల వాసన ఇంకా పోలేదు, రెండు రోజులు భరించు. ఆ ఇంట్లో పడకగదికి వెంటిలేటరు ఉందో లేదో, ఉంటే దానికి అట్టముక్క అడ్డం పెట్టారేమో చూసి, చేరగానే ఫోటో తీసి పంపు. మొక్కల ఫోటో తర్వాత.

మీ మామ్మ