‘ఇంటర్‌పెనిట్రేట్’ అంటే సరిగ్గా ఏమిటి? ఎక్కడ వాడాలి?

నాకు ఈ మాట నిఘంటువులో కాదు, డ్రాయింగ్ షీటు మీద పరిచయమైంది. బీటెక్ ఫస్టియర్ ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో ‘ఇంటర్‌పెనిట్రేషన్ ఆఫ్ సాలిడ్స్’ అని ఒక చాప్టర్. నిలువు సిలిండర్లోంచి అడ్డ సిలిండర్ దూసుకెళ్తే, ఆ రెండూ కలిసేచోట ఏ గీత వస్తుందో గీయాలి. వృత్తాన్ని 12 భాగాలు చేసి, ఒక్కో బిందువునీ ఒక వ్యూ నుంచి ఇంకో వ్యూకి మోసుకెళ్లి, చేత్తో కలిపితే వంపు తిరిగిన గీత వచ్చేది. ఒకసారి రెండు సిలిండర్లకీ వ్యాసం ఒకటే ఇచ్చారు. వంపు రాలేదు. ఫ్రంట్ వ్యూలో ఇంటూ గుర్తులా రెండు తిన్నని గీతలొచ్చాయి. తప్పు చేశాననుకుని షీటంతా చెరిపేశా. అక్షాలు లంబంగా ఖండించుకుంటే వచ్చేది అదేనట! రబ్బరు పొట్టు ఊదుకుంటూ కూర్చున్న ఆ సాయంత్రం ఇప్పటికీ గుర్తే.

సరే, అర్థానికొద్దాం. పెనిట్రేట్ ఒకవైపు పని. మేకు చెక్కలోకి దిగుతుంది, చెక్క మేకులోకి దిగదు. ముందు ‘ఇంటర్’ చేరితే రాకపోకలు రెండువైపులా.

‘ద టూ కల్చర్స్ ఇంటర్‌పెనిట్రేట్’ అంటే చాలు, కర్మ అక్కర్లేదు. చివర ‘ఈచ్ అదర్’ తగిలిస్తే తప్పు కాదుగానీ, దండగ. ఒకటి ఇంకోదాన్ని ఇంటర్‌పెనిట్రేట్ చేసిందని కర్మతోనూ రాస్తారు. అప్పుడు ఒక్కోసారి ‘అంతటా వ్యాపించింది’ అనే అర్థమే ఉంటుంది. వ్యాసాల్లో, పాఠాల్లో బాగుంటుంది. స్నేహితులతో మాట్లాడేటప్పుడు ‘మిక్స్’ అనో ‘ఓవర్‌లాప్’ అనో అనేయండి.

తెలుగులో, వస్తువులకైతే ‘ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోవు’ అంటాను. భాషలకీ ఆలోచనలకీ ‘కలగలిసిపోవు’, ‘పెనవేసుకుపోవు’ నప్పుతాయి. ‘చొరబడు’ మాత్రం వద్దు, అందులో దొంగ వాసన ఉంది.

ఉదాహరణ కావాలంటే హైదరాబాద్‌ చూడండి. జవాబు, దస్తావేజు ఉర్దూ వైపునుంచి తెలుగులోకి వచ్చాయని అందరికీ తెలుసు. ఇటునుంచి వెళ్లింది అంత తేలిగ్గా కనబడదు. ‘ఆతా బోల్‌కే బోలా’ అనే దక్కనీ (ఇక్కడి ఉర్దూ యాస) మాట వినండి. మనం ‘వస్తానని చెప్పాడు’ అంటాం కదా, అందులోని ‘అని’ చేసే పనే అక్కడ ‘బోల్‌కే’ చేస్తోంది. మాట ఉర్దూదే, దాన్ని వాక్యంలో కూర్చోబెట్టిన తీరు మనది.