గొట్టంలో ఏముందో ముందు చూడండి

ప్రశ్న: తాతగారి నాటి రైఫిల్ ఒకటి మా ఇంట్లో బయటపడింది. మూతిలోంచి మందు దట్టించి పేల్చే రకం. పక్కనున్న లాక్ పలక (పేల్చే యంత్రం బిగించిన ఇనుప పలక) మీద కిరీటం గుర్తు, ‘టవర్’ అనే అక్షరాలు, 1859 అనే అంకె ఉన్నాయి. గొట్టాన్ని చెక్కకు పట్టి ఉంచే పట్టీలు మూడు. గొట్టం గోధుమ రంగుకు తిరిగింది, అక్కడక్కడ ఎర్ర తుప్పు. చేత్తో పట్టుకునే సన్నటి చోట చెక్క చీలింది. హ్యామర్, అంటే ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి, వెనక్కి లాగితే సగంలో నిలవడం లేదు. మోటారుకు వైరు బ్రష్షు పెట్టి తుప్పు లేపేసి, చెక్కకు గరుకు కాగితం కొట్టి వార్నిష్ వేస్తే కొత్తదానిలా ఉంటుందని తెలిసినవాళ్లు అంటున్నారు. చేయించమంటారా?

జవాబు: వద్దండీ. ఆ మోటారును దాని దరిదాపులకు కూడా రానివ్వకండి. ఎందుకో తర్వాత చెబుతాను. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఒక పని చేయండి. గొట్టంలోకి పోయేంత సన్నటి, తిన్నని చెక్క పుల్ల ఒకటి తీసుకోండి. తుపాకీ మూతి మనుషులున్న వైపు ఉండకూడదు, మీ ముఖానికి ఎదురుగా అసలే ఉండకూడదు. పుల్లను మెల్లగా అడుగుదాకా దించి, మూతి దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. బయటికి తీసి, గీత మూతి అంచుకు సరిపోయేలా గొట్టం పక్కనే ఆనించి చూడండి. పుల్ల కొన నిపిల్ దాకా, అంటే హ్యామర్ దెబ్బకు నిప్పు రాజేసే క్యాప్ అనే బుల్లి మూతను తొడిగే ఆ చిన్న మొన దాకా రావాలి. రెండు మూడు వేళ్ల వెడల్పు ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉన్నట్టే.

అది కందిరీగ గూడు కావచ్చు, మట్టి కావచ్చు. దట్టించి వదిలేసిన మందూ గుండూ కూడా కావచ్చు. నేను బాగుచేసిన మూడో తుపాకీలో పుల్ల నాలుగు వేళ్ల ముందే ఆగింది. అంతకు ముందు రోజే దాని నిపిల్‌ను వేడి చేసి ఊడదీద్దామనుకున్నాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన ఆ నల్లటి మందు పొడిగా ఉంటే నూరేళ్లు దాటినా అంటుకుంటుంది. మీ పుల్ల ముందే ఆగితే పొడవకండి, వేడి చేయకండి, నిపిల్ జోలికి వెళ్లకండి. తుపాకీ మెకానిక్‌కు ముందుగా విషయం చెప్పి, ఖాళీ చేయించండి.

ఇక మీ తుపాకీ సంగతి. మీరు చెప్పిన గుర్తులను బట్టి బ్రిటిష్ సైన్యం వాడిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కావచ్చు. గొట్టం కొలవండి. 39 అంగుళాలుండి, మూతి రంధ్రం వెడల్పు అంగుళంలో 577 వేయో వంతులకు దగ్గరగా వచ్చి, లోపల మూడు గాడులు కనిపిస్తే అనుమానం చాలావరకు తీరినట్టే. ఆ రైఫిల్ గొట్టానికి మొదట్లో నీలి నలుపు పూత ఉండేది. లాక్ పలక మీద మబ్బులు కమ్మినట్టు రంగులు తేలేవి. ఇవాళ అంగడి పూత ఏది వేసినా ఆ రంగులు రావు. వైరు బ్రష్షు తిప్పితే కిరీటం అంచులు, గొట్టం మొదట్లో ఉండే పరీక్ష ముద్రలు అరిగిపోతాయి. వాటిని మళ్లీ ఎవరూ తేలేరు.

గోధుమ రంగూ ఎర్ర తుప్పూ ఒకటి కావు. గోధుమ రంగు గట్టిపడిన పొర. దాన్ని ఉండనివ్వండి. వేలితో రుద్దితే పొడి రాలేది మాత్రమే ఇంకా ఇనుమును తినే తుప్పు. దాని మీద పల్చటి నూనె రాసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత రాగి రేకు అంచుతో మెల్లగా గీకండి. రాగి ఇనుము కంటే మెత్తన కాబట్టి తుప్పు లేస్తుంది గానీ కింద గీతలు పడవు. ఒక్కో మచ్చకు ఒక సాయంత్రం పట్టొచ్చు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన గంటలు ఇవే. చివర్లో మైక్రోక్రిస్టలిన్ మైనం పల్చగా రాయండి. మ్యూజియంలలో లోహపు వస్తువులకు వాడేది అదే.

చెక్కకు గరుకు కాగితం తగిలితే లాక్ చుట్టూ ఉన్న పదునైన అంచులు గుండ్రంగా అయిపోతాయి. ఇనుము పైకి, చెక్క కిందికి అయి, ఆ తేడా చూడగానే తెలిసిపోతుంది. నొక్కులు పడ్డచోట తడిగుడ్డ వేసి, దాని మీద ఇస్త్రీపెట్టె క్షణం సేపు ఆనించండి. ఆవిరికి చెక్క నార ఉబ్బి లేస్తుంది. చీలికలోకి పాత నూనె దిగి ఉంటుంది కాబట్టి ముందు అసిటోన్‌తో తుడవాలి. తర్వాత వజ్రం, అంటే పశువుల చర్మంతో కాచిన బంక, పోసి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాలి. ఎపాక్సీ బలంగానే ఉంటుంది గానీ, వజ్రమైతే రేపు ఎవరైనా వేడినీళ్లతో విప్పి మళ్లీ సరిచేసుకోవచ్చు. ఆ తర్వాత నాలుగు చుక్కల అవిసె నూనె అరచేత్తో వెచ్చబడేదాకా రుద్దితే సరిపోతుంది. నూనె గుడ్డలు ఉండ చుట్టి పారేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. విడదీసి పరిచి ఆరబెట్టండి.

ప్రశ్న: ఇలాంటి రైఫిల్‌కే లాక్ ఊడదీయబోతే స్క్రూ తల చెదిరిపోయింది. హ్యామర్ సగం మెట్టు మీద, అంటే సగం వెనక్కి లాగి వదిలినా పడకుండా ఆగే గాటు మీద, నిలవాలంటే ఏం చేయాలి?

జవాబు: చాలావరకు తప్పు స్క్రూడ్రైవర్‌దే. మామూలు దాని మొన ఏటవాలుగా ఉంటుంది, గాడిలోంచి జారి పైకి లేస్తుంది. మొనను రెండు వైపులా ఆకురాయితో అరగదీసి, ఆ గాడికి కొలిచినట్టు సరిపోయేలా చేసుకోండి. బిగుసుకున్న స్క్రూకు నూనె పట్టించి రాత్రంతా ఉంచండి. గొట్టం ఖాళీ అని ఖాయంగా తెలిస్తేనే, సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద కాసేపు ఆనించి తిప్పి చూడండి.

లాక్‌ను పట్టి ఉంచే రెండు స్క్రూలూ ఒకేసారి పూర్తిగా తీయకండి. నాలుగు చుట్లు వదులు చేసి, వాటి తలల మీద చెక్క సుత్తితో ఒకదాని తర్వాత ఒకటి తట్టండి. లాక్ సమంగా బయటికి వస్తుంది. పలక కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే చెక్క అంచు పెచ్చులుగా లేచిపోతుంది.

హ్యామర్ నిలవకపోతే వెంటనే ఆకురాయి అందుకోకండి. లోపల గట్టిపడిన పాత గ్రీజు అడ్డుపడి సియర్ (హ్యామర్‌ను ఆపి ఉంచే మీట) మొన మెట్టులోకి దిగకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. కిరోసిన్‌లో నానబెట్టి, పళ్లు తోముకునే బ్రష్షుతో కడిగి, ఆరాక చుక్క నూనె వేసి చూడండి. అప్పటికీ జారితే మెట్టు అరిగో విరిగో ఉండొచ్చు. అది మెకానిక్ లోహం పోసి, మళ్లీ కోసి, గట్టిపరచాల్సిన పని.

ప్రశ్న: బాగుచేశాక ఒక్కసారైనా పేల్చి చూడొచ్చా?

జవాబు: మీ ముచ్చట అర్థమైంది. కానీ గొట్టం వెనక భాగంలో, మందు పడే చోట, పాత మసి తేమను పీల్చి ఇనుమును లోపలే తినేసి ఉంటుంది. పైకి నిగనిగలాడినా లోపల గుంటలుంటాయి. అనుభవమున్న తుపాకీ మెకానిక్ లోపల వెలుగు పెట్టి చూసి, పరీక్షించి సరేనంటేనే, లైసెన్సు నిబంధనలన్నీ తేలాకే ఆ మాట. అప్పుడైనా నల్ల మందే వాడాలి. పొగరాని మందు చిటికెడు పడినా గొట్టం మీ చేతుల్లోనే పగిలిపోవచ్చు. నా దగ్గరున్న వాటిలో ఒక్కదాన్నీ నేను పేల్చలేదు. గోడమీద పెట్టి, ఆరు నెలలకోసారి దించి మైనం రాస్తాను.