26 కిలోల అట్టపెట్టెలు ఏం చెబుతున్నాయి?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్ళి దగ్గర 1,100 చదరపు అడుగుల అద్దె ఫ్లాట్. నేను, మా వారు, ఇద్దరు పిల్లలు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. చేతికి నెలకు 1,38,000 వస్తుంది. అద్దె 36,000, కారు ఈఎంఐ 14,200, క్రెడిట్ కార్డు ఈఎంఐ 4,600, ఎస్‌ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 5,000. అత్యవసరానికని బ్యాంకులో 60,000 ఉంచాం. ఆన్‌లైన్ షాపింగ్‌కు నెలకు 6,000 అవుతుందని నా అంచనా. నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. మూడు నెలలుగా ఇంట్లో చెత్త తగ్గించాలని, పాతవి మళ్ళీ వాడాలని పట్టుబట్టాను. పాత సామాన్ల అంగడిలో వేస్తే మూడు నెలలకు కలిపి 639 రూపాయలు వచ్చాయి. మా వారు చూసి నవ్వారు. పనికొస్తాయని దాచినవాటితో యుటిలిటీ బాల్కనీ నిండిపోయింది. 23,000 పెట్టి కంపోస్టు మెషిన్ నో కాస్ట్ ఈఎంఐలో కొందామనుకుంటున్నాను. ఇలా చేస్తే నిజంగా డబ్బు మిగులుతుందా? మిగిలితే ఎక్కడ పెట్టాలి? పెద్దబాబుకు క్లాసుల కోసం ల్యాప్‌టాప్ కూడా కొనాలి.

జవాబు: మిగులుతుంది. అయితే మీరు వెతుకుతున్న చోట కాదు.

మీరు ఉత్తరంతో పాటు కాటా చీటీ ఫోటో కూడా పంపారు. చాలా మంచి పని చేశారు. పేపర్లు 18 కిలోలు, కిలో 14 చొప్పున 252. అట్టపెట్టెలు 26 కిలోలు, 9 చొప్పున 234. ప్లాస్టిక్ 6 కిలోలకు 72, ఇనుము 3 కిలోలకు 81. లెక్క సరిపోయింది, 639. నెలకు 213 రూపాయలు. దీంతో మీ ఇంటి బడ్జెట్ మారదన్న మాట నిజమే. కానీ నవ్వాల్సిన అవసరం లేదు. పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో కుటుంబాల ఖర్చులు చూస్తున్నాను. బ్యాంకు స్టేట్‌మెంట్ కన్నా నిజం చెప్పే కాగితం నాకు దొరకడం అరుదు. మీ కాటా చీటీ అలాంటిది.

అందులో అట్టపెట్టెల వరస ఇంకోసారి చూడండి. నిన్న మా ఇంటికి వచ్చిన ఒక మామూలు సైజు పెట్టెను వంటింటి తూకంలో వేశాను. 240 గ్రాములు తూగింది. చిన్నవీ పెద్దవీ కలిపి సగటున పావు కిలో అనుకుందాం. 26 కిలోలంటే 104 పెట్టెలు. మూడు నెలల్లో 104, అంటే రోజుకు ఒకటికి పైనే. ఒక్కోదాంట్లో 400 రూపాయల సరుకు వచ్చిందనుకున్నా మొత్తం 41,600, నెలకు 13,800 పైన. మీరేమో 6,000 అని రాశారు. కిరాణా కూడా కొంత అందులో కలిసే ఉంటుంది, నా సగటు కొంచెం అటూ ఇటూ కావచ్చు. ఎంత తీసేసినా తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. నెలాఖరుకు ఏమీ మిగలడం లేదన్నారు కదా, ఆ డబ్బు మీ గుమ్మం లోపలికి పెట్టెల్లో వచ్చింది. పెట్టె అమ్మితే రెండు రూపాయల పావలా చేతికొచ్చింది.

అందుకని ఈ ఆదివారం మీరిద్దరూ కూర్చుని మీ ఫోన్లలోని యాప్‌లన్నీ తెరిచి, గత మూడు నెలల ఆర్డర్ల జాబితా ఒక నోటుబుక్కులో రాయండి. మీ వారి ఫోను కూడా. ఒక్కో వస్తువు పక్కన ఒక మాట చాలు: వాడాం, అప్పుడప్పుడూ వాడుతున్నాం, ముట్టుకోలేదు. ఎవరు కొన్నారన్నది రాయకండి. అది రాశారంటే లెక్క ఆగిపోయి గొడవ మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చిన జంటల్లో ఇది చాలాసార్లు చూశాను.

ఇంకో చిన్న అలవాటు కూడా గమనించండి. 110 రూపాయలకు పెరుగు, కొత్తిమీర ఆర్డర్ పెట్టబోతుంటే, 199 దాటితే డెలివరీ ఫ్రీ అని తెర మీద కనిపిస్తుంది. పాతిక రూపాయలు తప్పించుకోవడానికి 90 రూపాయల చిప్స్ తోడవుతాయి. అదే కొత్తిమీర తోపుడు బండి దగ్గర కవరు లేకుండా పది పదిహేనుకు వస్తుంది. వారానికి ఒకటే రోజు, శనివారం అనుకుందాం, ఆర్డర్లు పెట్టే రోజుగా పెట్టుకోండి. మిగతా రోజుల్లో గుర్తొచ్చినవన్నీ ఫ్రిజ్ మీద చీటీలో రాయండి. శనివారం నాటికి సగం మీరే కొట్టేస్తారు.

ఇక తడి చెత్త. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదికలో, మన దేశంలో ఇళ్ళలో మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం వృథా అవుతోందని అంచనా వేసింది. నలుగురికి 220 కిలోలు, రోజుకు 600 గ్రాములు. తొక్కలు, గింజల వంటి తినలేనివి కూడా ఈ లెక్కలో ఉన్నాయి కాబట్టి అంతా డబ్బు నష్టం కాదు. ఎంత నష్టమో తెలియాలంటే తూచాల్సిందే.

మూడేళ్ళ కిందట బెల్లందూరు నుంచి వచ్చిన ఒక జంట చేత నాలుగు వారాలు ఇదే పని చేయించాను. వంటింట్లో రెండు గిన్నెలు పెట్టారు. ఒకదాంట్లో తొక్కలు, కాడలు, టీ పొడి. రెండోదాంట్లో తినగలిగి ఉండీ పారేసినవి. రెండో గిన్నెను రాత్రిపూట స్ప్రింగు త్రాసుకు తగిలించి తూచి, క్యాలెండర్ గడిలో రాసేవారు. పులిసిపోయిన దోసెల పిండి, నల్లబడిన చపాతీ పిండి, సగం కట్ట కొత్తిమీర, అడుగున మిగిలిన సాంబారు, ఎవరూ తినని బ్రెడ్ చివరలు. నాలుగు వారాలకు 6 కిలోల 800 గ్రాములు. సరుకు ధర వేసి చూస్తే దాదాపు 1,300 రూపాయలు. వాళ్ళు ఏమీ కడుపు మాడ్చుకోలేదు. కిలో పిండి పాకెట్టు బదులు అర కిలో తెచ్చారు. ఆదివారం ఒక్కరోజే వారానికి సరిపడా కూరగాయలు తెచ్చే బదులు ఆదివారం, బుధవారం తెచ్చుకున్నారు. మూడో నెలకు రెండో గిన్నె రెండు కిలోలు దాటలేదు.

మా మదనపల్లె ఇంట్లో తొక్కలు, బియ్యం కడిగిన నీళ్ళు, మిగిలిన గంజి అన్నీ కుడితి తొట్టిలోకి పోయేవి, గేదె తాగేది, మర్నాడు పాలయ్యేవి. చిల్లు పడిన గిన్నెకు మాటు వేయించేవాళ్ళు. పాత చీరలు బొంతలయ్యేవి. అప్పుడు పారేసినదానికీ ఒక గమ్యం ఉండేది. ఫ్లాటులో కుడితి తొట్టి లేదు. కాబట్టి మీ వంటింట్లో ఆదా కొనే దగ్గరే జరగాలి.

కంపోస్టు మెషిన్ కొనకండి. ఎందుకో లెక్కేసి చూపిస్తాను. నలుగురున్న ఇంట్లో రోజుకు అర కిలో తడి చెత్త అనుకుంటే నెలకు 15 కిలోలు. అది ఎండి, కుళ్ళి, ఎరువయ్యేసరికి మూడు నాలుగు కిలోలు మిగులుతుంది. నర్సరీలో ఆ ఎరువు కొన్నా వంద రూపాయల లోపే. 23,000 పెట్టి నెలకు వంద రాబట్టుకుంటే అసలు రావడానికే 19 ఏళ్ళు పడుతుంది. పైగా కరెంటు. నో కాస్ట్, అంటే వడ్డీ లేదన్న మాటను కూడా నమ్మకండి. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడుతుంది, మొత్తం ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు చాలాసార్లు ఇందులో పోతుంది. ఇప్పటికే కార్డు మీద 4,600 కడుతున్నవారికి ఇంకో ఈఎంఐ నేను ఏ పేరుతోనూ ఒప్పుకోను.

కంపోస్టు చేయాలన్న కోరిక మాత్రం వదులుకోకండి. మూతున్న పాత పెయింటు బకెట్టుకు చుట్టూ, అడుగున చిల్లులు పెట్టి, కింద పళ్ళెం ఉంచండి. ఒక పొర తొక్కలు, ఒక పొర ఎండుటాకులు లేదా కొబ్బరి పొట్టు. మొదట్లో కాస్త పుల్లటి మజ్జిగ చల్లండి. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు ఇంకాస్త వేయాలి. రెండు బకెట్లుంటే ఒకటి నిండాక రెండోది మొదలుపెట్టొచ్చు. నిండినదాన్ని నెలన్నర, రెండు నెలలు కదపకుండా ఉంచితే ఎరువు తయారవుతుంది. ఖర్చు దాదాపు సున్నా. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. నెల తిరగ్గానే మానేశారనుకోండి, పోయేది ఒక పాత బకెట్టే.

యుటిలిటీ బాల్కనీ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మీ అద్దె చదరపు అడుగుకు దాదాపు 33 రూపాయలు. మూడడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవున్న చోటు ఎప్పటికైనా పనికొస్తాయనుకున్నవాటితో నిండితే, వాటికి మీరు నెలకు దాదాపు 490 రూపాయల అద్దె కడుతున్నట్టు. అంగడిలో వచ్చిన 213 కన్నా అది రెండింతలకు పైనే. మళ్ళీ వాడడం మంచిదే, కానీ ఏ వస్తువు ఎందుకు వాడతారో ఇవాళ చెప్పగలగాలి. పచ్చళ్ళ గాజు సీసాల్లో పప్పులు పోసుకుంటారు, బాగుంది, ఉంచండి. నలభై ప్లాస్టిక్ డెలివరీ డబ్బాలు ఎందుకు? వాటిలో వేడి అన్నం, కూరలు పెట్టడం ఆరోగ్యానికీ మంచిది కాదు. కడిగి పొడి చెత్తలో ఇచ్చేయండి.

2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆదేశించిన రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతి మీకు తెలిసే ఉంటుంది: ఆకుపచ్చ డబ్బాలో తడి చెత్త, ఎర్ర డబ్బాలో డైపర్లు, ప్యాడ్లు వంటివి, సంచిలో పొడి చెత్త. దాని వెనక ఒక ఊరి గోడు ఉంది. ఏళ్ళ తరబడి బెంగళూరు చెత్త మోసిన మండూరు గ్రామస్థులు 2014లో రోడ్డెక్కి పోరాడితే, ఆ ఏడాది చివరికి అక్కడ చెత్త పోయడం ఆపారు. మనం కలిపి పారేసింది ఎవరి ఊరికో పోతుంది, ఎవరి చేతులో వేరు చేస్తాయి. ఎర్ర డబ్బాలో వేసేవి పేపర్లో చుట్టి ఇవ్వండి. పాల పాకెట్టు మూల పూర్తిగా కత్తిరించకండి, ఆ చిన్న ముక్క ఎక్కడో పడిపోతుంది, మళ్ళీ దొరకదు. మూల అంటుకునే ఉండేలా కోసి, కడిగి ఆరబెడితే పాకెట్లకూ ధర వస్తుంది. పాత సామాన్ల అంగడివాళ్ళు తీసుకోని బిస్కెట్ రేపర్లు, చిప్స్ కవర్లు వార్డులోని పొడి చెత్త సేకరణ కేంద్రానికి వెళ్ళాలి.

ఆ 213 రూపాయలను ఆదాయంగా రాసుకోకండి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఆ మూటలు కిందికి మోస్తుంటే ఆ డబ్బు ఆవిడకే ఇచ్చేయండి. నేను మా ఇంట్లో అదే చేస్తాను.

కాస్త పెద్ద మొత్తాలు బాగుచేయించుకోవడంలో ఉన్నాయి. మిక్సీ జార్ బుష్ అరిగితే కొత్త మిక్సీ కొనక్కర్లేదు. పెద్దబాబుకు క్లాసుల కోసం ల్యాప్‌టాప్ కొనాలని చివర్లో రాశారు. మీ పాతది కంప్యూటర్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్డులో చూపించి, ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజి డ్రైవు) వేయిస్తే కొన్ని వేలతో పోయే పని. ముందు రెండు షాపుల్లో ధర అడగండి. పాఠ్యపుస్తకాలు అవెన్యూ రోడ్డులో సగానికి సగం తక్కువకు దొరుకుతాయి, సిలబస్ సంవత్సరం చూసుకుని తీసుకోండి. డ్రాయరులో పడి ఉన్న పాత ఫోన్లలో మీ సమాచారం పూర్తిగా చెరిపేసి, ఎక్స్‌ఛేంజిలోనో అధికారిక ఈ-వేస్ట్ సేకరణలోనో ఇవ్వండి. పొడి చెత్త సంచిలో మాత్రం వేయకండి, బ్యాటరీలు నిప్పంటుకునే ప్రమాదం ఉంది. హెల్మెట్టు, గ్యాస్ ట్యూబు, కారు టైర్లు, వీటిలో పాతవి వాడి మిగుల్చుకోవాలని చూడకండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, మిగిలింది ఎక్కడ పెట్టాలి. పెట్టెల్లో మూడోవంతు తగ్గినా 4,500 చేతిలో ఉంటుంది. వంటింట్లో వెయ్యి. కలిపి 5,500 అనుకుందాం. ఇది ఖాతాలో పడి ఉంటే మూడో వారానికల్లా ఇంకేదో పెట్టెగా మారి వస్తుంది. జీతం పడిన మర్నాడే వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్ళేలా పెట్టండి. నోటుబుక్కు లెక్క తేలేదాకా ఆగకండి, వచ్చే నెల 3,000తో మొదలుపెట్టండి.

వరస ఇది. ముందు కార్డు ఈఎంఐ. ఎన్ని వాయిదాలు మిగిలాయో, ముందే కట్టేస్తే ఎంత చార్జీ వేస్తారో బ్యాంకును అడగండి. చార్జీ కన్నా మిగిలే వడ్డీ ఎక్కువైతేనే ముందుగా తీర్చండి. లేకపోతే దాని మానాన దాన్ని పోనిచ్చి కొత్త ఈఎంఐ పెట్టకుండా ఉంటే చాలు. తర్వాత అత్యవసర నిధి. మీ అద్దె, కారు ఈఎంఐ, ఇంటి ఖర్చు చూస్తే 60,000 నెల కూడా రాదు. రికరింగ్ డిపాజిట్‌లో నెలనెలా 5,500 వేస్తే ఏడాదికి అసలే 66,000. కార్డు ఈఎంఐ అయిపోయిన నెల నుంచి ఆ 4,600 కూడా అందులోకే మళ్ళించండి. మూడు నెలల ఖర్చు చేరేదాకా ఎస్‌ఐపీ 5,000 దగ్గరే ఉంచండి, ఆపొద్దు, పెంచొద్దు. ఆ తర్వాత 3,000 పెంచారనుకోండి, ఏడాదికి 10 శాతం రాబడి వస్తే పదేళ్ళలో ఆ పెంచిన భాగమే 6 లక్షలు దాటుతుంది. మార్కెట్ రాబడికి హామీ ఉండదు, అందుకే ముందు డిపాజిట్ అంటున్నాను.

మూడు నెలల తర్వాత మళ్ళీ కాటా వేయించినప్పుడు ఆ చీటీ నాకు పంపండి. ఈసారి అట్టపెట్టెలు 26 కాకుండా 15 కిలోలు తూగి, చేతికి వంద రూపాయలు తక్కువ వస్తే, ఆ చీటీ మీ వారికి కూడా చూపించండి.