క్యాథ్ ల్యాబ్‌లో పనిచేస్తే పిల్లలు పుట్టరా?

పెళ్లయి ఏడాది దాటినా పిల్లలు కలగలేదని, క్యాథ్ ల్యాబ్ (ఎక్స్‌రేల సాయంతో గుండె రక్తనాళాలను పరీక్షించి చికిత్స చేసే గది) ఉద్యోగం మానేయమని ఇంట్లో పెద్దలు పట్టుబడుతున్నారని రాశారు. నేనూ రేడియోగ్రాఫర్‌నే. ఎక్కువ కాలం క్యాథ్ ల్యాబ్‌లోనే పనిచేశాను, నా పిల్లలిద్దరూ ఈ ఉద్యోగంలో ఉండగానే పుట్టారు. కానీ నా ఒక్కడి అనుభవం రుజువు కాదు.

వీర్యకణాలను తయారుచేసే కణాలు ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి కాబట్టి రేడియేషన్‌కు త్వరగా దెబ్బతింటాయి. వృషణాలకు ఒకేసారి సుమారు 0.15 గ్రే (శరీరం పీల్చుకున్న రేడియేషన్‌కు కొలత) తగిలితే వీర్యకణాలు కొంతకాలం తగ్గిపోతాయి. కొద్దికొద్దిగా తగిలేటప్పుడు ఆ హద్దు ఏడాదికి 0.4 గ్రే, అంటే ఎక్స్‌రేల విషయంలో 400 మిల్లీసీవర్టులు (ఉద్యోగుల పరిమితులను చెప్పే కొలత). ఈ అవగాహనలో చాలా భాగం 1960ల్లో అమెరికాలోని ఒరెగాన్, వాషింగ్టన్ జైళ్లలో ఖైదీల వృషణాలపై ఎక్స్‌రేలు ప్రయోగించి సంపాదించినదే. వాళ్లను తలచుకోకుండా ఈ అంకెలు చెప్పడానికి నాకు మనసొప్పదు.

మన అణుశక్తి నియంత్రణ మండలి మనకు పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు; ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. తేడా మీరే చూడండి.

అయితే ఈ భరోసా జాగ్రత్తలు పాటించినప్పుడే. క్యాథ్ ల్యాబ్‌లో ఎక్స్‌రే ట్యూబు సాధారణంగా బల్ల కింద ఉంటుంది. రోగి శరీరాన్ని తాకి చెదిరే కిరణాలు మన నడుము కిందికే ఎక్కువగా వస్తాయి. బల్లకు వేలాడే సీసపు తెరను అడ్డమని పక్కకు నెట్టేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఒంటికి తొడుక్కునే సీసపు యాప్రాన్‌ను మడతపెట్టి పడేస్తే లోపల సీసం పగులుతుంది, పైకి తెలియదు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఫ్లోరోస్కోపీ (తెరపై అప్పటికప్పుడు కనిపించే ఎక్స్‌రే) కింద పెట్టి చూస్తే సరిగ్గా నడుము దగ్గరే చీలిక కనిపించింది. రీడింగు ఎక్కువ వస్తే పని నుంచి తప్పిస్తారని టీఎల్‌డీ బ్యాడ్జిని (మనకు తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసే బిళ్ల) లాకర్లో దాచేవాళ్లూ ఉన్నారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. బ్యాడ్జిని యాప్రాన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోండి. మూడు నెలలకోసారి వచ్చే రిపోర్టును అడిగి చూడండి.

పుట్టబోయే బిడ్డ గురించీ అడిగారు. హిరోషిమా, నాగసాకి బాధితులకు తర్వాత పుట్టిన పిల్లల్లో తల్లిదండ్రుల రేడియేషన్ వల్ల పుట్టుక లోపాలు పెరిగినట్టు స్పష్టమైన ఆధారం దొరకలేదు.

ఉద్యోగం మానేయడం కన్నా ముందు వీర్యపరీక్ష చేయించుకోండి. తేడా కనిపిస్తే మూడు నెలల తర్వాత మళ్లీ చేయించండి. వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. వెరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం), పొగాకు, మధుమేహం సంగతి కూడా డాక్టరుతో మాట్లాడండి. మీ భార్యకు కూడా అదే సమయంలో పరీక్షలు చేయించండి.