చెట్టు లేని నేలకు మాటలు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

దీవెనలు. నువ్వు పంపిన మూడు కథలూ చదివాను. మనుషుల్ని బాగా పట్టుకున్నావు, సంభాషణల్లో ఎక్కడా తడబాటు లేదు. ఇబ్బందల్లా నేల దగ్గరే వచ్చింది. మంగోలియాలో గుర్రాల కాపరి తిరిగే చోటూ, అర్జెంటీనాలో పశువుల్ని తోలుకెళ్లే చోటూ, సైబీరియా ఉత్తరాన రెయిన్‌డీర్ల వెంట అమ్మాయి నడిచే చోటూ నీ కలానికి ఒకటే అయిపోయాయి: "కనుచూపు మేరా విశాలమైన మైదానం." ఊళ్ల పేర్లు తీసేస్తే ఏ కథ ఎక్కడ జరుగుతోందో పోల్చుకోలేం.

మైదానం మంచి మాటే. కానీ నేల చదునుగా ఉందని తప్ప అది ఇంకేం చెప్పదు. మంగోలియాలో స్టెప్పీ అనే పొడి గడ్డి నేల చాలాచోట్ల చదును కూడా కాదు, మెల్లగా లేచి పడే గుట్టలు. అందుకే ఇలాంటి చోట్ల గురించి రాసేముందు ఒక ప్రశ్న వేసుకో: ఇక్కడ చెట్టు ఎందుకు లేదు? జవాబు తెలిస్తే మాటలు వెతుక్కోనక్కర్లేదు. తెలియకపోతే 'విశాలం', 'అనంతం' దగ్గరే తిరుగుతూ ఉంటాం.

స్టెప్పీలో కారణం వాన. అడవి పెరగడానికి చాలదు, ఎడారి అయిపోయేంత తక్కువా కాదు. ధ్రువం దగ్గరి టండ్రా నేలల్లో చలి, పొట్టి వేసవితో పాటు ఇంకో కారణం కాళ్ల కింద ఉంటుంది. నేల లోపలి పొర ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది, వేసవిలో పైపొర మాత్రం కాస్త కరుగుతుంది. ఆ నీళ్లు ఇంకే దారిలేక పైనే నిలుస్తాయి, దోమలు ముసురుతాయి. వేరు లోతుకు దిగే వీల్లేదు కాబట్టి పెద్ద చెట్టు నిలవదు. అలాగని చెట్టు జాతే లేదనుకోకు. అక్కడ ఒక రకం విల్లో కొన్ని సెంటీమీటర్ల ఎత్తు దాటకుండా నేలను కరుచుకుని పెరుగుతుంది. కొమ్మలు నాచులో దాగి, ఆకులు మాత్రం పైకి కనిపిస్తాయి. నీ అమ్మాయి ఆ చెట్టు మీదుగా అడుగేసి పోవచ్చు. ఈ ఒక్క సంగతి కథలోకి వస్తే ఇక మైదానంతో పనేముంది?

ఉత్తర అమెరికా గడ్డి నేల ప్రెయిరీ అంటే నాకు మరీ ఇష్టం. దాని తూర్పు భాగంలో చెట్లు పెరగడానికి సరిపడా వాన పడుతుంది. అయినా అక్కడ గడ్డిదే రాజ్యం. తరచూ రేగే మంటలు, అక్కడి ఆదివాసులు కావాలని పెట్టే మంటలు, అడవి దున్నల్లాంటి బైసన్ల మేత కలిసి చెట్టును మొలక దశలోనే మట్టుబెట్టేవి. గడ్డి మాత్రం మళ్లీ చిగురించేది, ఎందుకంటే దాని చిగురు పుట్టే చోటు మట్టిలో భద్రంగా ఉంటుంది. కొన్ని రకాలు మనిషిని మించి ఎదుగుతాయి, వేర్లు 2, 3 మీటర్ల లోతుకు పోతాయి. ఆ వేర్ల అల్లికకు జిగట మట్టి తోడై పాత ఇనుప నాగళ్లను సాగనిచ్చేది కాదు. జాన్ డీర్ అనే కమ్మరి 1837లో ఉక్కు నాగలి చేశాక గానీ దున్నకం ఊపందుకోలేదు. ఇంకా పడమటి పొడి నేలల్ని కూడా దున్నేశాక 1930ల్లో కరువొచ్చింది. పట్టి ఉంచే గడ్డి లేక మట్టి ధూళి తుఫానులై లేచింది. ప్రెయిరీ గురించి రాస్తూ మట్టి కింద ఏముందో రాయకపోతే ఎలా చెప్పు!

బ్రిటన్‌లో మూర్లు అనే బోడి గుట్ట నేలలు వేరే రకం. చాలావరకు అవి ఒకప్పటి అడవులే. మనుషులు నరికి, మందల్ని మేపి, కాల్చి వాటిని బోడి చేశారు. రెండో కథలో "సవన్నాలా చెట్టన్నది లేని చోటు" అన్నావు, అది తీసెయ్. సవన్నాలో దూరదూరంగా చెట్లుంటాయి, దాని ఆనవాలే అది.

ఇక మన మాటలు. బయలు, బీడు, పడావు, బంజరు, చవుడు... ఇన్ని ఉన్నాయి కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వాడేయకు. బీడు అన్నది దున్నేవాడి మాట. నాగలి పడలేదన్న వెలితి అందులో ఉంది. బంజరు రెవెన్యూ లెక్కల్లో నలిగిన మాట. నీ గుర్రాల కాపరి తన నేలను బీడు అనుకోడు, అతనికది మేత. కాబట్టి అతని నోట, అతని ఆలోచనలో 'పచ్చిక బయలు' అను, లేదా స్టెప్పీ అనే ఉంచు. పక్కన అర్థం రాయొద్దు, సందర్భమే చెబుతుంది. మాట తేడా వల్ల నేలకు నష్టం జరగడం మన దేశంలోనూ ఉంది. గడ్డి నేలల్ని పనికిరాని భూమిగా లెక్కరాసి చెట్లు నాటిన చోట్ల బట్టమేకపిట్ట ఉండలేకపోయింది. ఆ పక్షి కటిక నేల మీద, చాలాసార్లు ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దానికి నలువైపులా చూపు ఆనే బయలు కావాలి.

'ఖాళీ', 'శూన్యం' అన్న మాటలు నీ కథల్లో చాలా చోట్ల కనిపించాయి. అన్నీ కొట్టెయ్. హంగేరీ గడ్డి నేలల్ని పుస్తా అంటారు. ఆ మాటకు బోసిగా, ఖాళీగా ఉన్నదనే అర్థం. అయినా 1973లో నేషనల్ పార్కు అయిన హోర్తోబాజ్ పుస్తాలో శరత్కాలం వస్తే కొంగల్లాంటి క్రౌంచపక్షులు వేలకు వేలు దిగుతాయి.

సైబీరియా కథ ముందు దిద్దు. జూన్ నెల రాత్రి ఆ అమ్మాయి నేల మీద వెల్లకిలా పడుకుని నక్షత్రాలు లెక్కపెట్టిందని రాశావు. అక్కడ జూన్‌లో అలా పడుకుంటే వీపంతా తడిసిపోతుంది. పైగా ధ్రువానికి అంత దగ్గర్లో ఆ రోజుల్లో రాత్రిళ్లు సూర్యుడు అస్తమించడు, నక్షత్రాలు కనబడవు. ఆ పేరా మొత్తం మళ్లీ రాయాలి. రాశాక పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు