రెండు పైపులు ఎక్కడా కలవనివ్వకు

అమ్మలూ,

హైదరాబాద్ కొల్లూరు సైటులో ఎస్‌టీపీ, అదే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు పని మొత్తం నీకు అప్పగించారని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ పెద్దమ్మను నిద్రలేపి మరీ చెప్పాను. ఆవిడ మళ్లీ పడుకుంది కానీ నాకే తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

లెక్కలు నీకు నేను చెప్పక్కర్లేదు. 300 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు. అందులో 45 లీటర్లు ఫ్లష్‌కే పోతాయి. అంటే రోజుకు 54,000 లీటర్లు, పదివేల లీటర్ల ట్యాంకర్లు ఐదుకు పైనే. వంద కిలోమీటర్ల అవతలి నుంచి కృష్ణా నీళ్లు ఎత్తిపోసుకునే ఊళ్లో, శుద్ధి చేసిన మురుగునీళ్లే ఫ్లష్‌కి పంపి ఆ నీటిని మిగల్చడం చిన్న పని కాదు. నువ్వు చేస్తున్నావంటే నాకు గర్వంగా ఉంది.

మురుగు లోపలికొచ్చే చోట ఉండే జల్లెడ రోజూ కడిగించు. వంటింటి జిడ్డు ట్యాంకులోకి రానివ్వకు. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని రాత్రిళ్లు ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ ఆపమంటారు, ఒప్పుకోకు. గాలి అందకపోతే మురుగుని తినే బాక్టీరియా చస్తుంది, ప్లాంటు కుళ్లు వాసన కొడుతుంది. మొదట్లో ఇరవై కుటుంబాలే దిగుతాయి, బాక్టీరియాకి తిండి చాలదు. బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి బురద తెచ్చి పోసి, నెమ్మదిగా పెంచు. రోజూ లీటరు జాడీలో ఏరేషన్ ట్యాంకు, అదే గాలి ఊదే ట్యాంకు నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచు. టీ రంగు బురద అడుగున పావు వంతు దాకా దిగి, పైన నీళ్లు తేటగా ఉంటే ఆ పూటకి నిశ్చింత.

ఇక నేను చేసిన తప్పు. ఇది మీ పెద్దమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాణ్ణి. ఎండాకాలం. ప్లాంటు మోటారు కాలిపోయింది, శుద్ధి చేసిన నీళ్లుండే ఫ్లష్ ట్యాంకు ఎండింది, పొద్దున్నుంచీ ఫోన్లే. ప్లంబర్ వచ్చి, "సార్, షాఫ్టులో మంచినీళ్ల పైపు పక్కనే ఉంది. మధ్యలో వాల్వు పెట్టి కలిపేద్దాం, మోటారు బాగయ్యాక కట్టేద్దాం" అన్నాడు. తాత్కాలికమే కదా అని సరే అన్నాను. మోటారు బాగైంది, వాల్వు కట్టాం. కానీ ఆ అతుకు కోయించలేదు. రేపు చేయిద్దాం, ఎల్లుండి చేయిద్దాం అనుకుంటూ మర్చిపోయాను.

రెండు నెలల తర్వాత మేడమీది మంచినీళ్ల ట్యాంకు కడగడానికి ఖాళీ చేశారు. ఆ పైపులో ఒత్తిడి పడిపోయింది, ఫ్లష్ పైపులో పంపు ఒత్తిడి అలాగే ఉంది. వాల్వులో ఇసుక ఇరుక్కుని పూర్తిగా మూసుకోలేదు. శుద్ధి చేసిన మురుగునీరు మంచినీళ్లలోకి ఎక్కింది.

మూడో అంతస్తు నుంచి ఒకావిడ స్టీలు చెంబు పట్టుకుని వచ్చింది. నీళ్లు లేత పసుపు, అంచు చుట్టూ సన్నటి నురగ. "మా పాప పొద్దున్న వీటితోనే పుక్కిలించిందండీ" అంది. నాకు క్షణంలో అర్థమైంది. అయినా "ట్యాంకు కడిగారు కదమ్మా, ఆ మట్టే" అన్నాను. ఎవరూ చూడకుండా వెళ్లి అతుకు కోయించాను కానీ, ఆ నీళ్లు తాగొద్దని ఎవరికీ చెప్పలేదు. పాప మూడు రోజులు సెలైన్ మీద ఉంది. రెండో రోజు ఆసుపత్రి వరండాలో వాళ్ల నాన్నకి నిజం చెప్పాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. పాప కోలుకుంది. కానీ నేను నోరు మూసుకున్న ఆ రెండు రోజుల్లో, బిందెల్లో పట్టుకున్న నీళ్లు ఇంకెంతమంది తాగారో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే చెబుతున్నాను. ఫ్లష్ ట్యాంకుకి మంచినీళ్లు కావాలంటే పైనుంచి పడాలి. ఆ పైపు మూతి ట్యాంకు నిండినా నీటికి జానెడు ఎత్తులో ఉండాలి. వాల్వుతో కలపడం అనే మాటే రానివ్వకు, ఎంత పెద్దవాళ్లు చెప్పినా. కమోడ్ పక్కన కడుక్కునే హెల్త్ ఫాసెట్‌ని దగ్గరగా ఉందని ఫ్లష్ పైపుకే తగిలించేస్తారు, ప్రతి బాత్రూమూ నువ్వే చూడు. తాళాలు ఇచ్చేముందు ఫ్లష్ ట్యాంకులో రంగు కలిపించి, ప్రతి ఫ్లాటులో ప్రతి కుళాయీ తిప్పించు. రంగు కమోడ్‌లోనే కనిపించాలి. తర్వాత ఎవరైనా ఇంటీరియర్ పని చేయించుకుంటే ఆ ఇంట్లో మళ్లీ చూడు. పొరపాటు జరిగితే ఆ నిమిషమే అందరికీ చెప్పు. ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడ మన ఇల్లుంది.

ఇంకొకటి. ట్యాంకులోకి మనిషిని దింపనివ్వకు. అలా దింపడాన్ని అడ్డుకునే 2013 చట్టం సంగతి తర్వాత, ముందు లోపలుండే విషపు గాలి సంగతి తెలుసుకో. ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియదు. దిగినవాడు పడిపోతే, వాణ్ణి తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. నువ్వు కూడా మూత తీసి లోపలికి వంగి చూడకు. మొన్న పంపిన ఫోటోలో హెల్మెట్ లేదు, నేను చూశాను. మధ్యాహ్నం అన్నం మానేస్తున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. అలా చేయకు తల్లీ.

రంగు పోసే రోజు వారం ముందు చెప్పు. తెనాలిలో రైలెక్కి వస్తాను. ఒక టవర్ కుళాయిలు నేను చూస్తాను.

మీ పెద్దనాన్న