గెనిమ, కుంట, డ్రిప్పు: ఏది ముందు, ఏది వెనక

అమ్మా,

పాకాల వైపు పల్లెల్లో రైతులకు పథకాలు అందించే పని నీ చేతికి వచ్చిందని విన్నాను. ఉపాధి హామీ కింద నీటి కుంట, వాటర్‌షెడ్ గెనిమలు (చేను గట్లు), ఏపీఎంఐపీ అనే రాష్ట్ర సూక్ష్మ సేద్య పథకం డ్రిప్పు, ఉద్యానశాఖ మామిడి మొక్కలు, ప్రకృతి సేద్యం వాళ్ల నవధాన్యాలు (పలు రకాల విత్తనాలు కలిపి చల్లేవి), దేనికది మంచిదే. చెడేదల్లా ఒకటి ఇంకోదానితో అతికే చోట. ఆ అతుకు ఏ ఆఫీసు రిజిస్టర్‌లోనూ ఉండదు గనక, అది నీ పనే అనుకో.

దరఖాస్తు ఫారాలు సంచిలోనే ఉంచి ముందు చేను నడువు. రైతుతో పాటు ఇంటామెను కూడా పిలువు. పశువులు ఏ దారిన వస్తాయో, ఏ కయ్యలో (మడిలో) కలుపు ఎక్కువో ఆమెకే బాగా తెలుసు. మెరక నుంచి పల్లానికి నడుస్తూ మూడే అడుగు: పెద్ద వానకు నీళ్లు చేలోకి ఎక్కడ దిగుతాయి, ఎక్కడ నిలుస్తాయి, గెనిమను ఎక్కడ తెంచుకుని పోతాయి. ఆ మూడు చోట్లా గడ్డపారతో తవ్వి చూడు. మన ఎర్ర చెలకల్లో చాలా చోట్ల అడుగు, అడుగున్నరకే గరుసు, అంటే గట్టి కంకర పొర, తగులుతుంది. ఎంత లోతులో తగిలిందో రాసుకో. చెట్టుకు ఏ కయ్య, చెనిక్కాయకు ఏ కయ్య అనేది సగం ఆ లోతే తేల్చేస్తుంది.

వాలును కంటితో అంచనా కట్టొద్దు. 15 మీటర్ల పారదర్శక ట్యూబు, గుర్తులు పెట్టిన రెండు కర్రలు చాలు. ట్యూబులో నీళ్లు నింపాక లోపల గాలి బుడగ ఉందేమో ఒక చివర నుంచి ఇంకో చివరి దాకా చూడు. ఒక్క బుడగ ఉన్నా మట్టం తప్పుతుంది. గెనిమ జానెడు వంకర పోయినా నీళ్లన్నీ ఒక మూలకు చేరి, తొలి పెద్ద వానకే గండి పడుతుంది. ట్రాక్టరు తిరగడానికి ఒక పక్క దారి వదలకపోతే రైతే మరుసటేడు గెనిమను దున్నేస్తాడు. అందులో ఆయన తప్పేం లేదు.

పనుల వరస పైనుంచి కిందికి: గెనిమలు, కందకాలు ముందు, కుంట తర్వాత, మొక్కల గుంతలు ఆ తర్వాత, డ్రిప్పు చివర. ఆఫీసులు మంజూరు చేసే వరస ఇదే కావాలని లేదు. డ్రిప్పు ముందొచ్చిందని పైపులు పరిచేస్తే కుంట తవ్వేటప్పుడు మెయిన్ లైను పగులుతుంది. పై గెనిమ లేకుండా కుంట తవ్వితే రెండు వానలకే ఒండ్రుతో పూడిపోతుంది.

కుంట లెక్క రైతు ముందే వేసి చూపించు. ఎకరా మీద 40 మిల్లీమీటర్ల వాన పడితే లక్షా అరవై వేల లీటర్లు. అందులో పావు వంతు పారినా 40 వేలు. మూడెకరాల నీళ్లు ఒకచోటికి దిగితే లక్షా ఇరవై వేలు. పైన 10 మీటర్లకు 10 మీటర్లు, లోతు 2 మీటర్లు, పక్కలు ఒకటికి ఒకటి వాలుతో తవ్విన కుంటలో పట్టేది సుమారు లక్షా ముప్పై వేలు. అంటే ఒక్క మంచి వానకు దాదాపు నిండుతుంది. పక్కలు నిలువుగా కోస్తే ఎక్కువ పడుతుందని కొందరు అంటారు. ఎర్ర మట్టి నిలవదు, కూలి లోపలే పడుతుంది. తవ్విన మట్టిని అంచు నుంచి కనీసం మీటరు అవతల వేయించు. నీళ్లు దిగే చోట చిన్న ఒండ్రు గుంత, మిగులు పోయే చోట రాళ్లు పరిచిన మొరవ (నీళ్లు బయటికి పోయే దారి) తప్పనిసరి.

ఆ కుంట నీళ్లు ఇంకడానికా, నిలవడానికా? ఇది తవ్వకముందే తేలాలి. బోరు ఊట పెరగాలంటే బోరుకు ఎగువన, అడుగున ప్లాస్టిక్ పట్టా వేయకుండా వదలాలి. వేసవిలో మొక్కలకు తోడి పోయాలంటే పట్టా కావాలి, దాని ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడాలి. రెండూ జరుగుతాయని చెప్పి రైతును ఆశ పెట్టొద్దు. చెరువుకు పోయే వంకకు మాత్రం అడ్డంగా కుంట పెట్టకు. ఒక చేను తడిస్తే కింద ఆయకట్టంతా ఎండుతుంది.

కుంట నీళ్లను డ్రిప్పుకు కలపాలనుకుంటే ఫిల్టరు మార్చాలి. బోరుకు జాలీ ఫిల్టరు సరిపోతుంది. కుంట నీళ్లలో పాచి ఉంటుంది, దానికి ఇసుక ఫిల్టరు కావాలి. అది డిజైన్ వేసేటప్పుడే అడగాలి, తర్వాత అడిగితే రైతు జేబులోంచి పోతుంది. బోరు నీళ్లు మోటారు పైపు చివర తెల్లగా పొర కడుతుంటే, డ్రిప్పు రాకముందే ఆ నీళ్లు పరీక్షకు పంపించు.

ఇంకో అతుకు జీవామృతం, ఆవు పేడ, మూత్రంతో పులియబెట్టే ద్రావణం. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గెనిమ మట్టి. నీడలో 48 గంటలు, పూటకొకసారి కలియబెట్టడం. ఇది ఎకరాకు. దీన్ని వెంచురీతో (పైపులోకి మందు పీల్చే పరికరంతో) నేరుగా డ్రిప్పులోకి వదిలితే వారంలో డ్రిప్పర్లు మూసుకుపోతాయి, అప్పుడు రైతు రెండు పథకాలనూ తిడతాడు. చెట్టు పాదులో బిందెతో పోయడమే మేలు. తప్పదంటే రెండుసార్లు గుడ్డతో వడకట్టి, వదిలాక పావుగంట ఉత్త నీళ్లు పారించి, లేటరల్ (చెట్ల వరసల వెంట పోయే సన్న పైపు) చివర్లు విప్పి కడగమను.

నవధాన్యాలు తొలకరికి ముందే, వేసవి జల్లులకు చల్లాలి. విత్తనానికి బంకమన్ను, ఘన జీవామృతం (జీవామృతం పొడి రూపం), బూడిద పొరలుగా పట్టిస్తే చీమలు ఎత్తుకుపోవు, చిన్న తడికే మొలిచి మాడిపోవు. అయితే మే నెలలో పచ్చగా కనిపించే చేను అదొక్కటే, ఊరి పశువులన్నీ అక్కడికే వస్తాయి. అందుకని ఒక్క రైతుతో వేయించకు, పక్కపక్కన ఉన్న నలుగురిని కలుపు. గెనిమల మీద గ్లైరిసిడియా కొమ్మలు నాటిస్తే రెండో ఏటి నుంచి మామిడి పాదుల్లో కప్పడానికి ఆకు దొరుకుతుంది.

మామిడి 8 మీటర్ల ఎడంతో ఎకరాకు 63 మొక్కలు పడతాయి. గుంత మూడడుగులు, ఏప్రిల్, మే నెలల్లో తవ్వి ఎండనివ్వాలి, పై మట్టి వేరుగా పోయాలి. గరుసు అడుగుకే తగిలిన కయ్యలో మామిడి పెట్టించకు, టార్గెట్ ఎంత ఒత్తిడి పెట్టినా సరే.

కాగితాల సంగతి. 1బి (రెవెన్యూ భూమి రికార్డు), పట్టాదారు పాస్ పుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా నాలుగింట్లో పేరు ఒకేలా ఉందో అక్షరం అక్షరం చూడు. భూమి ఇంకా తాత పేరునే ఉంటే ఆ పని ముందు. ఉపాధి పనికి జాబ్ కార్డు ఉండాలి, ఇంట్లో ఒకరైనా ఆ పనికి రావాలి. గ్రామసభ తీర్మానంలో పని పేరు ఎక్కాకే, తవ్వకముందు ఫొటో తీశాకే పలుగు దిగాలి. తొందరపడి జేసీబీ పెట్టిన రైతుకు పైసా రాదు. డ్రిప్పుకు కేంద్ర పథకం కింద సాయం చిన్న, సన్నకారు రైతుకు 55 శాతం, మిగతావాళ్లకు 45, దాని మీద రాష్ట్రం అదనంగా కలుపుతుంది. అయితే అది ప్రభుత్వం నిర్ణయించిన యూనిట్ ధర మీద లెక్క, బిల్లు మీద కాదు. ఒకసారి తీసుకున్న భూమికి ఏడేళ్ల దాకా మళ్లీ రాదు. అందుకే సగం చేనుకు తొందరపడి పెట్టించకు.

కౌలు రైతుకు కుంట, చెట్లు చెప్పకు. భూమి ఎప్పుడు చేయి మారుతుందో తెలియనివాడికి నవధాన్యాలు, జీవామృతం, ఆకు కప్పడం, ఆ ఏడాదిలో చేతికొచ్చేవే చెప్పు.

ఒక్కో చేనుకు ఒక్క పేజీ పెట్టుకో. పైన పటం, కింద వరస, పక్కన నెల. అక్టోబరు, నవంబరు వానల్లో గొడుగు వేసుకుని ఒక్కసారి ఆ పేజీతో చేను మీదికి వెళ్లు. నీళ్లు నువ్వు గీసిన గీత దాటి ఎక్కడ పారుతున్నాయో ఎర్ర పెన్నుతో దిద్దుకుని, ఆ పేజీ రైతుకు చూపించి వేసవి పనులు మార్చు.